మూలుగ బొక్కలో ఏముంది?

(వార్షిక సమావేశంలో ఒక నర్సు చేసిన ప్రసంగం)



శుక్రవారం రూముల మటన్ వండుకుంటే మూలుగ బొక్క ఎవరి ప్లేటులో పడితే వాళ్లదే అదృష్టం. మన ఒంట్లో ఆ మూలుగే రక్తం పుట్టే చోటు. రోగాలతో కొట్లాడే తెల్ల కణాలు పుట్టేదీ అక్కడే. ఎముకను కట్టే కణాలు పక్కనే ఉండి, వాటి ఎదుగుదలకు సాయపడతాయి.

ఎముక రోజూ కొంత కరుగుతుంది, కొంత కట్టుకుంటుంది. కరిగించే కణాలు కూడా తెల్ల కణాల కుటుంబంలోవే. వాటిని పనిలోకి పిలిచే కబురు పేరు ర్యాంక్‌ఎల్. మామూలుగా ఆ కబురు ఎముక కణాలే పంపుతాయి. ఒంట్లో వాపు నెలల తరబడి ఉంటే తెల్ల కణాలు కూడా పంపుతాయి. అప్పుడు కూల్చుడు ఎక్కువ, కట్టుడు తక్కువ. 2000లో ఈ చదువుకు ఆస్టియోఇమ్యునాలజీ అని పేరు పెట్టారు. పేరు మరిచిపోయినా ఏం కాదు.

మా క్లినిక్‌కు ఒక తమ్ముడు వచ్చిండు. రాడ్ బెండింగ్ పని. రెండు చేతుల వేళ్లూ వాచినయ్. తెల్లారి లేస్తే బకెట్ పట్టరాదు, సైట్‌లో రెండు గంటలు గడిస్తే గాని వేళ్లు మడతపడవు. పని నొప్పే అనుకున్నడు. రూమ్మేట్ ఊరి నుంచి తెప్పించిన చిన్న తెల్ల మాత్రలు ఇచ్చిండు. రెండు రోజుల్లో నొప్పి మాయం. ఎనిమిది నెలలు మింగిండు. అవి స్టెరాయిడ్లు. డాక్టరు దగ్గరికి పోతే అన్‌ఫిట్ అని ఇంటికి పంపుతారని భయం, అప్పేమో తీరలేదు. ఆ భయాన్ని నేను తప్పుపట్టను.

అది రుమటాయిడ్ కీళ్లవాతం. తెల్ల కణాలు సొంత కీళ్ల మీదే పడే జబ్బు. ఎక్స్‌రేలో వేళ్ల కీళ్ల అంచులు చెదలు తిన్నట్టు ఉన్నాయి. స్టెరాయిడ్ వాపును దించుతుంది గానీ, డాక్టరు చూపు లేకుండా నెలల తరబడి వాడితే ఎముకను పలచబరుస్తుంది, రోగాలను ఆపే శక్తినీ తగ్గిస్తుంది. జబ్బు ఒక దిక్కు, మాత్ర ఒక దిక్కు. ఇప్పుడు సరైన మందు వాడుతున్నడు, స్టోర్‌లో పని. తిన్న అంచులు మాత్రం తిరిగి రాలేదు.

బరువులు మోసిన నొప్పి సాధారణంగా పనితో పెరిగి, పడుకుంటే తగ్గుతుంది. ఈ వాపు నొప్పి ఉల్టా: లేవగానే ఎక్కువ, కదిలితే సడలుతుంది. పొద్దున కీళ్లు గంటసేపు బిగుసుకొని, వారాలు గడిచినా పోకపోతే చూపించుకోండి. స్టెరాయిడ్ చాలా రోజులుగా మింగుతున్నవాళ్లు సొంతంగా ఒక్కసారే ఆపొద్దు, అదీ ప్రమాదమే.

భోజనాలయ్యాక గేటు పక్క టేబుల్ దగ్గర ఉంటాను. మీ మాత్రల అట్ట తెండి, పేరు చదివి చెప్తాను. కంపెనీకి చెప్పను.