పోస్టుకార్డంత చిత్రం

(పాఠశాల ప్లాటినం జూబిలీ సందర్భంగా కురుగోడులో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బై ఐదేళ్ల పాఠశాల చరిత్రను వివరించుటకు నాకంటె అర్హులు ఈ వేదికపైనే ఉన్నారు. నేను చిత్రలేఖనం బోధించేవాడిని గనుక అందులో ఒక చిన్న భాగాన్ని మాత్రమే తీసుకుంటాను. పక్క గదిలో మా పిల్లల చిత్రాలను నిన్నటి నుండి మీరు చూస్తున్నారు. వాటిలో రెండు కొండల నడుమ సూర్యుడు లేడు, గుడిసె లేదు, కొబ్బరిచెట్టు అంతకన్నా లేదు. పోస్టుకార్డంత అట్టపై కొన్ని రంగులు, అంటించిన కొన్ని ముక్కలు, అంతే. "ఇదేం బొమ్మ సార్?" అని పలువురు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. దానికి నిలబడి ఒక్క మాటలో చెప్పలేక ఇక్కడ చెబుతున్నాను.

వస్తువు రూపాన్ని అనుకరింపక, రంగు, గీత, ఆకారం, వాటి అమరిక అనే వాటినే విషయంగా గ్రహించినది నైరూప్య చిత్రం. పేరు కొత్తదే గాని పని మన ఇళ్లలో పాతదే. పాత చీరల ముక్కలు చేర్చి బొంత కుట్టే అవ్వను తలచుకోండి. ఇక్కడి కన్నడ సోదరులు దానిని కౌది అంటారు. ఆమె ఎదుట నమూనా ఏదీ లేదు. ఈ ఎరుపు పక్కన ఆ పసుపు వేస్తే కన్ను ఎక్కడ నిలుస్తుందో ఆమెకు తెలుసు. మన జిల్లాలోని సండూరు లంబాణీ స్త్రీల కుట్టుపనికి 2010లో భౌగోళిక గుర్తింపు లభించింది. అందులోనూ ముక్కలు, అద్దాలు, దారపు రంగులే ప్రధానం. బొంతను చూసి ఇదేం బొమ్మ అని ఎవరూ అడగరు. అదే అమరిక కాగితంపైకి రాగానే అడుగుతారు!

అంటింపు చిత్రాన్ని ప్రపంచమంతా కొలాజ్ అంటుంది. అంటించుట అనే అర్థంగల ఫ్రెంచి క్రియ నుండి వచ్చిన మాట అది. 1912లో బ్రాక్, పికాసో అనే ఇద్దరు చిత్రకారులు గోడకాగితాన్ని, వార్తాపత్రికను, మైనపుగుడ్డను తెచ్చి చిత్రంలో అతికించారు. 1941లో పెద్ద శస్త్రచికిత్స జరిగిన పిమ్మట మతీస్ అనే వృద్ధ చిత్రకారుడు క్రమంగా కుంచెను తగ్గించి, రంగులు పూసిన కాగితాలను కత్తెరతో కోసి చిత్రాలు కూర్చాడు.

మా తరగతిలో మొదటి పాఠం మాత్రం జోసెఫ్ ఆల్బర్స్ అనే అధ్యాపకుని మార్గంలోనిది. రంగుల పరస్పర ప్రభావంపై 1963లో ఆయన గ్రంథం వెలువడింది. ఆయన విద్యార్థులకు రంగుల కన్న రంగుకాగితాల ముక్కలనే ఎక్కువగా ఇచ్చేవాడు. ఒకే బూడిదరంగు కాగితం నుండి రెండు ముక్కలు కోసి, ఒకటి ఎర్రని అట్టపైన, మరొకటి పచ్చని అట్టపైన పెట్టండి. రెండూ ఒకే రంగు అంటే పిల్లలు నమ్మరు. ఎరుపుపై ఉన్నది కొంత పచ్చగా, పచ్చపై ఉన్నది కొంత ఎర్రగా తోస్తుంది. రంగు స్వభావం పొరుగును బట్టి మారుతుందని పదేళ్ల పిల్లవాడు స్వయంగా తెలుసుకుంటాడు.

మా సరంజామా ఖరీదైనది కాదు. పాత క్యాలెండర్లు, శుభలేఖలు, అగరుబత్తి డబ్బాలు, ఎర్రమట్టి, సుద్ద, జేగురు. సండూరు కొండల ఇనుప ఖనిజం ఎరుపు మన బట్టలకు ఎన్నో ఏళ్లు అంటింది. అది కుంచెకు అంటినా మంచిదే. మైదా ఉడికించిన జిగురును పలుచగా పూయాలి. ఒకవైపే తడిస్తే అట్ట ఆరేటప్పుడు వంగుతుంది గనుక వెనుకవైపు కూడ ఒక కాగితం అంటించి, పుస్తకాల బరువు కింద ఆరనివ్వాలి. వార్తాపత్రిక ఎండకు పసుపెక్కుతుంది. దానిని తెలిసే వాడాలి.

ఇక బళ్లారి జీన్స్ సంగతి. మన పిల్లలలో పలువురి తల్లిదండ్రులు ఆ కుట్టుకేంద్రాలలో పనిచేస్తున్నారు. ఏడవ తరగతి బాలిక ఒకతె కత్తిరింపులో మిగిలిన నీలి ముక్కలు సంచినిండ తెచ్చింది. ఉతకనిది, ఒకసారి ఉతికినది, వెలిసినది, తెల్లబారినది. నీలంలో ఇన్ని మెట్లుంటాయని నేనే అంత శ్రద్ధగా ఎన్నడూ చూడలేదు. వాటిని అట్టపై పరచి, అగరుబత్తి డబ్బా నుండి చించిన గోరంత ఎర్రముక్కను పట్టుకుని గంటసేపు కూర్చుంది. మధ్యలో పెట్టింది, తీసింది; మూలకు జరిపింది, తీసింది. గంట కొట్టినా అంటించలేదు. మరునాడు వచ్చి, అంచుకు కాస్త లోపలగా, వంకరగా అంటించింది. ఎవరిని చూసి చేసిందని అడిగితే జవాబు లేదు. ఎందుకక్కడ అని అడిగితే మాత్రం, "వేరేచోట పెడితే నీలమంతా పడుకుంటుంది సార్" అన్నది.

నమూనా చూసి గీయడం చేతికి శిక్షణ. దానిని నేను తక్కువ చేయను. కాని నమూనా లేనిచోట ఏది ఉంచాలి, ఏది తీయాలి అని నిర్ణయించడం వేరొక విద్య. కాగితం చిన్నది గనుకనే అది సాధ్యం. పెద్ద కాగితంలో పిల్లవాడు ఖాళీ నింపుటకే అలసిపోతాడు.

ఇది పిల్లల ఆటేనని తలచేవారికి మన చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో జన్మించిన కృష్ణారెడ్డిగారిని గుర్తుచేస్తాను. శాంతినికేతన్‌లో చదివి, పారిస్‌లో హేటర్ నడిపిన ముద్రణశాలలో చేరి, ఒకే లోహపు పలకపై అనేక రంగులు ఒకేసారి ముద్రించే పద్ధతిని తీర్చిదిద్దినవారిలో ఆయన ఒకరు. అంతకుముందు సాధారణంగా రంగుకొక పలక కావలసివచ్చేది. నూనె ఎక్కువైన పలుచని సిరా, నూనె తక్కువైన చిక్కని సిరా ఒకదానినొకటి త్రోసిపుచ్చుతాయి. మెత్తని రోలరు పలక లోతులను తాకితే గట్టి రోలరు పైభాగాన్నే తాకుతుంది. ఈ రెండు సంగతులపై ఆ పద్ధతి నిలిచింది. 1963 నాటి ఆయన 'సుడిగుండం' అటువంటిదే. 1972లో పద్మశ్రీ పొందారు, 2018లో న్యూయార్కులో కన్నుమూశారు. మా పిల్లలు కొవ్వొత్తి రుద్దిన కాగితంపై నీటిరంగు నిలువకపోవడం చూసి ఆశ్చర్యపడినప్పుడు నేను ఆయన కథ చెబుతాను.

తల్లిదండ్రులకు ఒక మనవి. పదవ తరగతి పరీక్షలు సమీపించగానే ఏ బడిలోనైనా ముందుగా లెక్కలకు ధారపోసేది చిత్రలేఖనపు గంటనే. లెక్కలు అవసరమే. అయినా వారానికి ఆ ఒక్క గంటను విడిచిపెట్టవలసిందిగా మీరే ప్రధానోపాధ్యాయులను అడిగితే, నేను అడిగినదానికంటె బలంగా ఉంటుంది.

చిత్రాలు సాయంత్రం ఆరు వరకు ఉంటాయి. గోడకు మేకులు కొట్టక తీగకు బట్టల క్లిప్పులతో తగిలించాము గనుక గాలికి కదులుతాయి. దగ్గరగా నిలబడి చూడండి. నీలి చిత్రం కిటికీ పక్కన మూడవది. దానిని వేసిన బాలిక అక్కడే ఉంటుంది.