పారేసిన కర్రకు తరిమెన

(ఉగాదికి మా ఊరి తెలుగు సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యక్రమపత్రంలో నా పేరు పక్కన "వుడ్ టర్నింగ్" అని చూసి ఇదేదో కొత్త యోగాసనం అనుకుని వచ్చినవారు నిరాశపడకండి. ఇందులోనూ నడుము బాగానే వంగుతుంది! నేను చెప్పబోయేది లేతు మీద కర్ర గిన్నెలు చేయడం గురించి. అదీ టేకుతోనో రోజ్‌వుడ్‌తోనో కాదు. మన ర్యాలీ, కేరీ చుట్టుపక్కల కొత్త ఇళ్ళు కట్టేచోట కోసి పారేసే టూ బై ఫోర్, టూ బై టెన్ ముక్కలతో.

లేతుకు మన భాషలో చక్కని మాట ఉంది, తరిమెన. "తరిమెన పట్టిన మంచంకోళ్ళు" అనడం ఇక్కడున్న పెద్దవాళ్ళలో కొందరైనా వినే ఉంటారు. చిత్రిక పట్టడం అనే మాట సాహిత్య సభల పుణ్యమా అని ఇంకా బతికే ఉంది. తరిమెన మాత్రం వడ్రంగులతోపాటే మన ఇళ్ళలోంచి వెళ్ళిపోయింది.

ఈ ప్రసంగం ఎందుకు పెట్టారో మీకు తెలుసు. ఈసారి వాలంటీర్లకు జ్ఞాపికలుగా ఏమివ్వాలన్న చర్చలో నేను "గిన్నెలు చేసిస్తాను, ఖర్చు బంకకీ నూనెకీ మాత్రమే" అన్నాను. కార్యవర్గంలో సగం మంది సరే అన్నారు. మిగతా సగం "చెత్తకుండీలో కర్రతో చేసింది బహుమతిగా ఎలా ఇస్తామండీ?" అన్నారు. అడగవలసిన ప్రశ్నే. ఒకాయన మాత్రం నవ్వుతూ, "ఇంజనీరుగారు రిటైరయ్యాక వడ్రంగం మొదలెట్టారా?" అన్నారు. మొదటి ప్రశ్నకు జవాబు కొంచెం పొడుగు, అందుకే ఈ మైకు. రెండోదానికి అప్పుడే చెప్పాను. మా నాన్నగారు వడ్రంగి. నేను మొదలెట్టలేదు, కొనసాగిస్తున్నాను.

మాది దివిసీమ. నాన్నగారి తరిమెనకు మోటారు లేదు. రెండు దిమ్మలు, వాటికి ఎదురెదురుగా రెండు ఇనప మొనలు, మధ్యలో కర్ర. కర్రకు తాడు రెండు చుట్లు చుట్టి ఒకరు ఇటూ అటూ లాగుతుంటే, రెండోవారు ఉలి పట్టాలి. తాడు లాగే ఉద్యోగం నాది. ఒకవైపు లాగినప్పుడే ఉలి తెగుతుంది, రెండోవైపు తిరిగేటప్పుడు ఆయన ఉలిని వెంట్రుకవాసి వెనక్కి తీసేవారు. ఆ తీయడం కంటికి కనపడదు, చప్పుడులో తెలుస్తుంది. ఉలి మాత్రం నా చేతికి ఇచ్చేవారు కాదు. "నువ్వు పుస్తకం పట్టు" అనేవారు. పట్టాను. అలాగే సివిల్ ఇంజనీరింగ్ చదివి ఈ దేశం వచ్చాను. ఆయన ఆ మాట ప్రేమతోనే అన్నారు. కానీ ఆ మాటలో తన పనిమీద లోకానికున్న చిన్నచూపు కూడా ఉందని ఇప్పుడు అనిపిస్తుంది.

"చెత్త కర్ర" అన్నమాట దగ్గరికి వస్తాను. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన వచ్చినప్పుడు మా ప్రాంతంలో ఏం జరిగిందో ఈ సభలో కొందరికి స్వయంగా తెలుసు. ఆ కథ ఇప్పుడు చెప్పను. తర్వాతి నెలల్లో నాన్నగారు చేసిన పని మాత్రం చెబుతాను. కూలిన ఇళ్ళ దూలాలు, వాసాలు, ద్వారబంధాలు బురదలోంచి లాగి, కడిగి, ఎండబెట్టి, మేకులు పీకి మళ్ళీ తలుపులు, మంచాలు చేశారు. కొత్త కలప కొనే స్థితి ఎవరికుంది? మేకు ఎక్కడ మిగిలిందో అరచేత్తో నిమిరి పట్టుకునేవారు. ఆ మంచాలను ఎవరూ చెత్త మంచాలనలేదు. పోయిన వాళ్ళ ఇంటి వాసం ఉన్నవాళ్ళ మంచంకోడు అయిందని అందరికీ తెలుసు, అయినా దానిమీదే పడుకున్నారు. కర్రకు చెత్తతనం పుట్టుకతో రాదండీ, మనం పారేస్తే వస్తుంది.

ఇక మన డంప్‌స్టర్ల సంగతి. 2018లో అమెరికాలో కట్టడాల వల్ల, కూల్చివేతల వల్ల వచ్చిన వ్యర్థం 60 కోట్ల టన్నులని ఇక్కడి పర్యావరణ సంస్థ, అదే ఈపీఏ, లెక్కగట్టింది. అందులో 90 శాతం పైగా కూల్చివేతలదే. కాబట్టి నా గరాజులో చేసే గిన్నెలు భూగోళాన్ని రక్షిస్తాయని నేను చెప్పను. చెబితే మీరు నవ్వాలి కూడా. నా లెక్క చిన్నది. ఒక ఇల్లు లేచేటప్పుడు జాయిస్టుల చివరలు, కిటికీల పైన వేసే హెడర్ల ముక్కలు అడుగు, అడుగున్నర పొడవువి పోగుపడతాయి. బిల్డరుకు అవి పనికిరావు. నాకు ఒక్కో గిన్నెకు తొమ్మిదంగుళాలు చాలు.

అడిగి తెచ్చుకోవాలి సుమా! పారేసినా అది బిల్డరు సొత్తే. పైగా సైటులో మేకులు, గోతులు ఉంటాయి. నేను సూపర్‌వైజరును అడుగుతాను, ఆయన ఒక మూల పెట్టిస్తారు. బదులుగా ఆయన బల్లమీద ఒక గిన్నె ఉంది.

తెచ్చేముందు కర్ర మీది ముద్ర చదవండి. "ఎస్.పి.ఎఫ్." అంటే స్ప్రూస్, పైన్, ఫర్‌లలో ఏదైనా కావచ్చు. మన దక్షిణాదిలో జాయిస్టులకు ఎక్కువగా వాడేది సదరన్ పైన్, బరువుగా, జిగురుగా ఉంటుంది. "కె.డి. 19" అని ఉంటే కొలిమిలో ఆరబెట్టారని, తేమ 19 శాతానికి మించలేదని అర్థం. "ఎస్-గ్రీన్" అని ఉంటే పచ్చి కర్ర. 19 శాతం ఇంటి గోడకు సరిపోతుంది గానీ గిన్నెకు సరిపోదు. హీటరు వేసుకునే మన ఇళ్ళలో కర్ర ఇంకా ఆరుతుంది, ఆరితే వంకర పోతుంది. అందుకని ముక్కల్ని ఇంట్లోనే కొన్ని నెలలు పడుకోబెడతాను. మా ఆవిడ వాటిని "మీ చుట్టాలు" అంటుంది. మొద్దు నడిమధ్య బెండు కనిపించే ముక్కను మాత్రం తీసుకోను, అది పగలక మానదు.

ముఖ్యమైన హెచ్చరిక ఒకటి. డెక్కులకు వాడే ప్రెషర్ ట్రీటెడ్ కర్ర జోలికి పోకండి. ఆకుపచ్చ ఛాయ ఉంటుంది, పాతబడితే ఆ ఛాయా పోతుంది. 2003 చివరిదాకా ఇళ్ళ డెక్కులకు వాడిన కర్రలో క్రోమియం, రాగితోపాటు ఆర్సెనిక్ ఉండేది. ఆ తర్వాత ఇళ్ళకు అది ఆపేశారు. ఇప్పటి మందుల్లో ఆర్సెనిక్ లేకపోయినా ఆ పొట్టు పీల్చదగ్గదీ కాదు, ఆ గిన్నె తినదగ్గదీ కాదు. పాత డెక్కు విప్పితే దాన్ని చలిమంటలో కూడా వేయకండి. ఎక్కడిదో తెలియని కర్ర ఎంత అందంగా ఉన్నా వదిలెయ్యడమే.

టూ బై ఫోర్ అనే పేరు నమ్మకండి. కొలిస్తే ఒకటిన్నర అంగుళం, మూడున్నర అంగుళాలు. అమెరికాలో నేను నేర్చుకున్న మొదటి వ్యాపార సూత్రం అదే! తొమ్మిదంగుళాల ముక్కలు ఆరు తీసుకుని, అంటించే ముఖాలను పలచగా చిత్రిక పట్టి, పక్కపక్కనే నిలబెట్టి అంటిస్తే ఎనిమిదంగుళాల గిన్నెకు సరిపడే దిమ్మె వస్తుంది. టూ బై టెన్ అయితే ఇంకా సులువు, రెండో మూడో ఒకదానిమీద ఒకటి పేర్చడమే. ముక్కలన్నిటిలో ఈనె ఒకే దిక్కుగా ఉండాలి. కర్ర పొడవునా పెద్దగా సాగదు, అడ్డంగానే ఉబ్బుతుంది, తగ్గుతుంది. ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా అంటిస్తే రెండూ దెబ్బలాడుకుని ఏదో ఒక చలికాలం విడాకులు తీసుకుంటాయి. పసుపురంగు వడ్రంగి బంక రాసి, క్లాంపులు బిగించి, ఒక రోజంతా దాని జోలికి పోకూడదు.

ఇప్పుడు అసలు కష్టం. లేతు పట్టేవాళ్ళలో చాలామంది పైన్ కర్రంటే మొహం చిట్లిస్తారు. కారణం దాని వలయాల్లో ఉంది. వసంతంలో చెట్టు గబగబా పెరిగినప్పటి కర్ర తెల్లగా, మెత్తగా ఉంటుంది. వేసవి చివర నెమ్మదిగా పెరిగిన కర్ర ముదురు రంగులో, గట్టిగా ఉంటుంది. సదరన్ పైన్‌లో ఈ తేడా మరీ ఎక్కువ. ఉలి మొద్దుదైతే గట్టి గీత మీద ఎగిరి, మెత్తదాన్ని పీకేస్తుంది. గరుకు కాగితం పెట్టి అదిమితే మెత్తది తరిగిపోయి, గట్టిది గట్టులా మిగిలి గిన్నె గీరిన కొబ్బరిచిప్పలా తయారవుతుంది. దీనికి మందు ఒక్కటే, సాన. చివరి కోతకు ముందు గౌజును మళ్ళీ సానపట్టాలి. గౌజు వెనకవైపు ఏటవాలు కర్రకు ఆనుతూ ఉండాలి, అంచు మాత్రమే తెగాలి. బయటివైపు అడుగు నుంచి అంచుకు, లోపల అంచు నుంచి అడుగుకు కొయ్యాలి. అప్పుడు నార కింద ఇంకో నార ఆసరాగా ఉంటుంది, చిరగదు. అయినా చిరిగేచోట పలచని షెల్లాక్ రాసి ఆరనిస్తే నార బిగుస్తుంది. షెల్లాక్ అంటే మరేం కాదు, మన లక్కే.

లక్క అన్నాను కాబట్టి ఏటికొప్పాక ప్రస్తావన తప్పదు. వరాహ నది ఒడ్డున, ఇప్పటి అనకాపల్లి జిల్లాలో ఉంది. అంకుడు కర్రను తరిమెన పట్టి, అది తిరుగుతుండగానే రంగు లక్కను అదిమితే రాపిడి వేడికి లక్క కరిగి కర్రను పట్టేస్తుంది. మొగలి ఆకుతో మెరుగు పెడతారు. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. వాటికి చెట్ల రంగులు మళ్ళీ అలవాటు చేసిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. మనం సెలవుల్లో వెళ్ళి, ఆ బొమ్మ దగ్గర కూడా బేరమాడి వస్తాం. ఒక్క గిన్నె చేసి చూడండి, మళ్ళీ బేరమాడలేరు. ఇక్కడికి దగ్గర ఉదాహరణ కావాలంటే అట్లాంటాలో ఎడ్ మౌల్‌త్రప్ అనే ఆర్కిటెక్టు ఉండేవారు. ఈ దక్షిణాది చెట్ల మొద్దులతోనే పెద్దపెద్ద గిన్నెలు చేశారు, అవి మ్యూజియాలకెక్కాయి. ఆర్కిటెక్టుగారిని ఎవరూ "వడ్రంగం మొదలెట్టారా" అని అడిగి ఉండరు.

వేగానికి ఒక చిట్కా ఉంది. గిన్నె అడ్డుకొలతను అంగుళాల్లో తీసుకుని నిమిషానికి తిరిగే చుట్లతో హెచ్చిస్తే 6000కు, 9000కు మధ్య ఉండాలి. అంటే ఎనిమిదంగుళాల గిన్నెకు 750 నుంచి 1100 దాకా. దిమ్మె గుండ్రబడేదాకా అంతకంటే నిదానంగానే తిప్పండి. ముఖానికి పూర్తి షీల్డు, ముక్కుకు మాస్కు తప్పవు. లాల్చీ, ఉత్తరీయం, మెడలో గొలుసు, ఉంగరం, గాజులు, జారే పైట, వేలాడే జడ ఇవేవీ లేతు దగ్గరికి రాకూడదు. పెళ్ళికి వెళ్ళే వేషానికి సరిగ్గా వ్యతిరేకం అనుకోండి.

గిన్నె గోడ మరీ పలచన చేయకండి, మెత్తని కర్ర కాబట్టి అంగుళంలో మూడోవంతు మందం ఉంచితే మంచిది. చివర్లో నూనె పట్టిస్తారు చూడండి, అప్పుడు ముదురు గీతలు తేనెరంగులో పైకి తేలతాయి. ఆరు ముక్కల గీతలు పక్కపక్కనే వరసగా కనిపిస్తాయి. అంతదాకా గోడలో దాక్కోవలసిన కర్ర అది. షీట్‌రాక్ వెనక ఎవరికీ కనపడకుండా వందేళ్ళు మొయ్యడం తప్ప దానికి వేరే యోగం లేదు.

కిందటి నెల నా గరాజుకు నలుగురు పిల్లలు వచ్చారు. వాళ్ళలో ఒక అమ్మాయి, పన్నెండేళ్ళుంటాయి, మొదటి పొట్టు రిబ్బనులా చేతిమీద పడగానే "తాతగారూ, చప్పుడు మారింది!" అంది. ఉలి సరిగ్గా తెగినప్పుడు చప్పుడు మారుతుందని నేను ఆ పిల్లకు చెప్పలేదు. చాలామంది పెద్దవాళ్ళకు చెప్పినా వినపడదు. ఉలి నేనే చేతికిచ్చాను, పక్కనే నిలబడ్డాను. వాళ్ళమ్మ ఇంటికెళ్ళి ఫోన్ చేసి, "అంకుల్, చదువు పాడవదు కదా?" అని అడిగారు. పాడవదమ్మా, జ్యామెట్రీ బాగుపడుతుంది అన్నాను. వచ్చే శనివారం ఆ అమ్మాయి మళ్ళీ వస్తోంది, తమ్ముణ్ణి కూడా తెస్తుందట.

అటు గుమ్మం పక్క బల్లమీద ముప్ఫై రెండు గిన్నెలున్నాయి. ప్రతిదాని అడుగున ఏ వీధిలో లేచిన ఇంటి కర్రో రాసి ఉంది. మీలో ముగ్గురు తమ కొత్త ఇంటి ముక్కనే అందుకోబోతున్నారు. పళ్ళు పెట్టుకోండి, అక్షింతలు పెట్టుకోండి, తాళంచెవులు వేసుకోండి. పసుపు వేస్తే మరక పోదు, అది మీ ఇష్టం. పులుసు మాత్రం పోయకండి. డిష్‌వాషరులో అసలే పెట్టకండి. తడిగుడ్డతో తుడిచి, ఏడాదికోసారి కాస్త నూనె రాస్తే చాలు. ఫలకాలే బాగుండేవి అంటున్నవారు ఇంకా ఇద్దరున్నారు. వారి గిన్నెలు కూడా ఆ బల్లమీదే, ఎడమచేతివైపు చివర ఉన్నాయి.