పెద్ద దేశం, చిన్న లక్ష్యం
(ఉపన్యాస పాఠం)



దేశం పెద్దదైనంత మాత్రాన సాంకేతిక విజయం దానంతటదే సిద్ధిస్తుందా? జనబలం, ధనబలం ఉంటే చాలునా, లేక ఉన్న శక్తిని ఒకచోట కేంద్రీకరించడం ముఖ్యమా?

1976లో మన కేంద్ర మంత్రివర్గం చిప్పుల తయారీకి సెమీకండక్టర్ కాంప్లెక్స్ అనే సంస్థ స్థాపనను ఆమోదించింది. అదే ఏడాది, రెండు కోట్ల జనాభా కూడా లేని తైవాన్ అమెరికాకు చెందిన ఆర్‌సిఏ సంస్థతో ఒప్పందం చేసుకొని, సుమారు 40 మంది ఇంజనీర్లను శిక్షణకు పంపింది. వారు తిరిగి వచ్చి మొదట చేపట్టినది ఘనకార్యమేమీ కాదు. చేతి గడియారాలకు కావలసిన చిప్పులు! ఆ పనిలో చేయి తిరిగిన తరువాత, 1987లో అక్కడ టీఎస్‌ఎంసి వెలసింది. ఇతరుల నమూనాలను తయారుచేసి ఇవ్వడమే తప్ప సొంత పేరుతో చిప్పులు అమ్మరాదన్నది దాని నియమం. నేడు ప్రపంచంలోని అత్యాధునిక చిప్పులలో అధికభాగం అక్కడివే.

మన మొహాలీ కర్మాగారంలో 1984లో ఉత్పత్తి మొదలయింది. 1989లో అగ్నిప్రమాదం దానిని దెబ్బతీసింది. అయితే నెపమంతా నిప్పు మీదికి నెట్టడం సరికాదని నా అభిప్రాయం. కొద్ది సంవత్సరాలకొకసారి యంత్రాలను మార్చక తప్పని పరిశ్రమ అది. ఉక్కు, విద్యుత్తు, ఎరువులు, సాగునీరు అన్నింటికీ ఒకే ఖజానా నుంచి పంచవలసిన దేశానికి అది సులభసాధ్యం కాదు.

అలాగని పెద్ద దేశానికి ఏకాగ్రత అసాధ్యమా? 1984లో ఏర్పడిన సి-డాట్‌ను చూడండి. 36 నెలల గడువు, 36 కోట్ల రూపాయల నిధులు, టెలిఫోన్ ఎక్స్ఛేంజీ ఒక్కటే లక్ష్యం. అప్పటి విదేశీ ఎక్స్ఛేంజీలకు చల్లని గది కావాలి. మన పల్లెలలో ఎండ, దుమ్ము, ఎప్పుడు పోతుందో తెలియని కరెంటు. ఈ పరిస్థితులకు తట్టుకొని, ఏర్ కండిషనింగ్ లేకుండానే పనిచేసే 128 పోర్టుల ఎక్స్ఛేంజీని ఆ యువ ఇంజనీర్లు రూపొందించారు. 1986లో కర్ణాటకలోని కిత్తూరులో అది పని ప్రారంభించింది. నగరాలకు ఉద్దేశించిన పెద్ద ఎక్స్ఛేంజీ గడువులోగా రాలేదన్న విమర్శ వచ్చింది. అది నిజమే.

కాని ఇలాంటి గ్రామీణ ఎక్స్ఛేంజీ కావాలన్న ఆలోచన చల్లని, చిన్న దేశానికి తట్టదు. నమూనా సిద్ధమయ్యాక దానిని అనేక కర్మాగారాలకు అందజేశారు. గ్రామాలు లక్షల సంఖ్యలో ఉన్నందువల్లనే ఆ కర్మాగారాలకు చేతినిండా పని దొరికింది.