లైవ్‌లో అమ్మకం, అవతలివాళ్ల నమ్మకం

(సర్వసభ్య సమావేశంలో అమ్మకాల ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పోయిన ఏడాది ఇదే సభలో మనం ఒక తీర్మానం రాసుకున్నాం. మన సంఘాల వాళ్లు నేసే చీరలు, పెట్టే పచ్చళ్లు సంతలకీ ఎగ్జిబిషన్లకీ తీసుకెళ్లడంతో ఆగకుండా ఫోన్లో లైవ్ పెట్టి కూడా అమ్మాలని. ఆ పని మా ఐదుగురికి అప్పజెప్పారు. ఎంత అమ్మాం, ఎంత ఖర్చయింది అన్నది ఈ పుస్తకంలోనే వేరే పట్టికలో ఉంది, ఇక్కడ మళ్లీ చదవం. మేము చెప్పాలనుకున్నది పట్టికలో కనపడని సంగతి. ఊరూ పేరూ తెలియని మనిషి ఫోన్లో మనల్ని చూసి, చీర చేత్తో ముట్టుకోకుండా, డబ్బు ముందే ఎందుకు పంపుతుంది? ఒకసారి పంపిన మనిషి రెండోసారి ఎందుకు పంపదు?

మొదటి లైవ్ సంగతి మీలో చాలామందికి తెలుసు, నవ్వుకున్నారు కూడా. శనివారం సాయంత్రం సమాఖ్య ఆఫీసులో గోడకి దుప్పటి కట్టి, ట్యూబ్‌లైటు కింద కూర్చున్నాం. మంగళగిరి నూలు చీర, నిజాం అంచుది, ఒక్కటే పీసు. ధర చెప్పి, కావలసినవాళ్లు కామెంట్ రాయండి అన్నాం. ఎవ్వరూ రాయలేదు. పది లెక్కపెట్టి దాన్ని పక్కన పడేసి ఇంకో చీర తీశాం. అప్పుడు మొదలయ్యాయి, "నాకు", "నాకు కావాలి" అని. మా చేతిలో ఉన్న చీరే అడుగుతున్నారు అనుకున్నాం. వాళ్లు అడిగింది ముందు చూపించినదాన్ని. ఆ గందరగోళంలో ఒక్క చీరని ఇద్దరికి ఒప్పుకున్నాం, ఇద్దరూ డబ్బులు వేసేశారు. ఒకామెకి వెనక్కి పంపితే, "ఎవరో ఎక్కువ ఇస్తామన్నారు, వాళ్లకి ఇచ్చేశారు" అంది. ఎంత చెప్పినా వినలేదు. ఆమె మళ్లీ మన లైవ్‌కి రాలేదు.

అందులో ఆమె తప్పు లేదు, మా దురాశా లేదు. మధ్యలో దారి ఎలా ఉంటుందో మాకు తెలియకపోవడమే తప్పు. వాట్సాప్‌లో వీడియో కాల్ చేస్తే ఇక్కడ అన్న మాట అక్కడ వెంటనే వినపడుతుంది, ఎందుకంటే ఫోను చాలా కొద్దిగానే దాచిపెట్టుకుంటుంది, వచ్చింది దాదాపు వచ్చినట్టే చూపిస్తుంది. అందుకే సిగ్నల్ తగ్గితే మాట తెగిపోతుంది. కానీ అది కొద్దిమందికే. వందల మంది చూసే లైవ్ దారి వేరు. మన వీడియో ముందు ఆ కంపెనీ కంప్యూటర్లకి వెళ్తుంది. అక్కడ దాన్ని మంచి సిగ్నల్ ఉన్నవాళ్లకి ఒక రకంగా, లేనివాళ్లకి ఒక రకంగా తయారుచేసి, కొన్ని కొన్ని సెకన్ల ముక్కలుగా కోస్తారు. చూసేవాళ్లకి దగ్గరలో ఉన్న కంప్యూటర్ల నుంచి ఆ ముక్కలు పంపుతారు. చూసేవాళ్ల ఫోను కూడా రెండు మూడు ముక్కలు ముందే నింపుకుని అప్పుడు చూపించడం మొదలుపెడుతుంది. పెళ్లి భోజనాల్లో వడ్డన మధ్యలో ఆగకూడదని ముందే రెండు గంపల అన్నం వార్చి పెట్టుకుంటాం చూడండి, అలాగ. దాంతో బొమ్మ ఆగకుండా ఆడుతుంది గానీ ఆలస్యం అవుతుంది. ఐదు సెకన్లు కావచ్చు, ఒక్కోసారి ఇరవై, ముప్ఫై కూడా కావచ్చు. అందరికీ ఒకే ఆలస్యం కూడా ఉండదు. ఒకే ఊళ్లో రెండిళ్లలో రెండు ఫోన్లలో చూసినా ఒకటి ముందు, ఒకటి వెనక.

ఇది తెలిశాక చీరకో నంబరు చీటీ కట్టాం. కామెంట్‌లో నంబరు రాయమన్నాం. ఒక చీర తీసి పెట్టేలోపు అంచు, పైట, జాకెట్ ముక్క నెమ్మదిగా చూపిస్తూ అర నిమిషం గడిపాం. "మీ మాట మాకు చేరడానికి కొంచెం టైం పడుతుంది, కంగారు పడకండి" అని మొదట్లోనే చెప్పాం. అంతే, గొడవలు సగానికి సగం పోయాయి. లైవ్‌లో మనం జవాబు ఇవ్వకపోతే అవతలి మనిషి సిగ్నల్‌ని తిట్టుకోదు, మనల్నే పొగరుబోతులు అనుకుంటుంది.

అసలు చూసేవాళ్లు తిరిగి మాట్లాడగలగడమే ఇందులో కొత్త. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు మన దేశంలో సైట్ అనే ప్రయోగం జరిగింది. ఏ.టి.ఎస్.-6 అనే అమెరికా ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకి టీవీ కార్యక్రమాలు చూపించారు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. వ్యవసాయం, ఆరోగ్యం, పిల్లల చదువు గురించి మంచి విషయాలే చెప్పారు. కానీ పెట్టె ముందు కూర్చున్న మనిషికి "అయ్యా, మా నేలకి ఇది పనికొస్తుందా?" అనే అనుమానం వస్తే, అది టీవీలో మాట్లాడేవాడికి చేరే దారి లేదు. ఇప్పుడు ఆ దారి ఉంది. ఉంది కాబట్టే జవాబు చెప్పకపోతే తప్పు పడతారు.

థాయ్‌లాండ్‌లో ఫేస్‌బుక్ లైవ్ చూసి బట్టలు కొనేవాళ్ల మీద ఇద్దరు పరిశోధకులు చేసిన పని ఒకటి 2020లో అచ్చయింది. వాళ్లు తేల్చింది ఏమిటంటే, కొనేవాళ్లకి ముందు సరుకు మీద నమ్మకం కుదురుతుంది, దాని మీదుగా అమ్మే మనిషి మీద కుదురుతుంది, ఆ తర్వాతే వాళ్లు మళ్లీ మళ్లీ వచ్చి పాలుపంచుకుంటారు. మేము తిరగేసి అనుకున్నాం. కెమెరా ముందు చక్కగా మాట్లాడే అమ్మాయి, కాస్త నవ్వుమొహం పిల్ల కూర్చుంటే చాలు అనుకున్నాం. రెండు లైవ్‌లు అలాగే చేశాం. మూడోసారి ఆ అమ్మాయికి జ్వరం వస్తే, మగ్గం మీద కూర్చునే మన అక్కే వచ్చింది. ఆవిడకి మాటలు రావు. ఊరికే చీర మడత విప్పి, వెనక వైపు తిప్పి, పోగు గోటితో లాగి చూపించింది. "ఇక్కడ ఒక పోగు తెగింది, ముడి వేశాను, చూడండి" అని తప్పు కూడా చూపించింది. ఆ చీరకి పదకొండు మంది నంబరు రాశారు.

రంగుల దగ్గర మాత్రం చాలా దెబ్బ తిన్నాం. చిలకపచ్చ అని పంపితే వచ్చింది ఇంకో పచ్చ అని బెంగళూరు నుంచి వెనక్కి వచ్చింది. మేము మార్చలేదు. ఫోను కెమెరా వెలుతురుని బట్టి రంగు తనంతట తనే సర్దేస్తుంది, ట్యూబ్‌లైటు కింద ఒకటి, ఎండలో ఒకటి. ఇప్పుడు పొద్దున పది గంటలకి వరండాలో లైవ్ పెడుతున్నాం, చీర పక్కన తెల్ల కాగితం పెడుతున్నాం. కాగితం తెల్లగా కనపడితే చీర రంగు కూడా దాదాపు సరిగ్గా కనపడుతున్నట్టే. పైగా "ఫోన్లో రంగు కొంచెం తేడా రావచ్చు" అని నోటితో చెబుతున్నాం. చెప్పాక వాపసులు తగ్గాయి, అమ్మకం తగ్గలేదు.

ఇప్పుడు మా వల్ల జరిగిన తప్పు ఒకటి చెప్పాలి. ఆవకాయ లైవ్ రోజు ఒకామె అడిగింది, "ఏ నూనెతో పెట్టారు?" అని. సీసా మీద నువ్వుల నూనె అని ఉంది. కానీ ఆ విడత పచ్చడికి నువ్వుల నూనె చాలక కొన్ని జాడీల్లో వేరుశనగ నూనె కలిపాం. ఆ సంగతి మా ఐదుగురికీ తెలుసు. కెమెరా ముందున్న అక్క మా వైపు చూసింది. ఫోను పట్టుకున్న మాలో ఒకరు ఆ కామెంట్‌ని తీసేశారు. ఎవరు అన్నది ఇప్పుడు అనవసరం, మిగతా నలుగురం చూస్తూ ఊరుకున్నాం. నిమిషం తిరక్కుండానే ఇంకొకరు రాశారు, "ఆవిడ అడిగింది ఏమయింది? తీసేశారేం?" అని. చూసేవాళ్ల సంఖ్య మా కళ్ల ముందే పడిపోయింది.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదంటే అతిశయోక్తి కాదు. మన సంఘం మీటింగులో పొదుపు డబ్బు అందరి ముందూ లెక్కపెడతాం, అప్పు ఎవరికి ఇచ్చామో పుస్తకంలో రాసి చదువుతాం. ఎవరైనా లేచి "ఆ యాభై రూపాయలు ఏమయ్యాయి?" అంటే పుస్తకం మూసేస్తామా? మూసేస్తే ఆ సంఘం ఎన్నాళ్లు నిలబడుతుంది? ఇక్కడ మేము చేసింది పుస్తకం మూసేయడమే. తర్వాతి లైవ్ మొదలుపెట్టగానే ఉన్నది ఉన్నట్టు చెప్పాం. ఏ తేదీ సీసాలో, ఎందుకు కలిపామో చెప్పి, వద్దనుకున్నవాళ్లకి డబ్బు ఇస్తాం అన్నాం. ఏడుగురు అడిగారు, ఇచ్చాం. మిగిలిన సీసాలకి చీటీ మార్చాం. బూతులు తప్ప ఏ ప్రశ్ననీ తీయకూడదని ఉపసంఘం పుస్తకంలో రాసుకున్నాం.

ఇక అసలు కష్టం దసరాకి ముందు వచ్చింది. మన లైవ్‌ని ఎవరో రికార్డు చేసి, మన పేరుకి ఒక్క అక్షరం తేడాతో ఇంకో పేజీ తెరిచి, అదే వీడియోని "లైవ్" అని ఆడించారు. మన అక్కే మాట్లాడుతోంది, మన చీరే, మన గోడే. కింద డబ్బు వేయడానికి పెట్టిన క్యూఆర్ కోడ్ మాత్రం వాళ్లది. మన దగ్గర అంతకుముందు రెండుసార్లు కొన్న హైదరాబాదు ఆమె నంబరు పదిహేడు చీరకి 1,650 రూపాయలు అందులో వేసింది. వారం చూసి మనకి ఫోన్ చేసింది. "మీ మొహాలు చూసే వేశానమ్మా" అంది. మా దగ్గర జవాబు లేదు.

ఆ పేజీ మీద ఫిర్యాదు పెట్టాం. ఆమె చేత 1930కి ఫోన్ చేయించాం. సైబర్ మోసంలో డబ్బు పోతే పిలవాల్సిన నంబరు అది, గుర్తు పెట్టుకోండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు దారిలో ఆపడానికి అంత అవకాశం. వారం దాటాక చేస్తే ఆశ తక్కువ. మిగతా కొనుగోలుదారులకి జాగ్రత్త చెబుదామంటే వాళ్ల ఫోన్ నంబర్లు మన దగ్గర లేవు, అందరూ ఆ పేజీలోనే ఉన్నారు. 2020 జూన్‌లో ప్రభుత్వం టిక్‌టాక్ ఆపేసినప్పుడు దాని మీద పేరు తెచ్చుకున్నవాళ్లంతా ఒక్క రాత్రిలో చూసేవాళ్లని పోగొట్టుకున్నారు. ఫేస్‌బుక్ కూడా లైవ్‌లో సరుకుల పట్టిక పెట్టి అమ్ముకునే సదుపాయాన్ని 2022 అక్టోబరు 1 నుంచి తీసేసింది. పరాయి అరుగు మీద కొట్టు పెట్టుకున్నాం, చిట్టా కూడా అక్కడే వదిలేశాం. ఇప్పుడు అడిగి, ఒప్పుకున్నవాళ్ల పేర్లు, నంబర్లు మన రిజిస్టర్‌లో రాస్తున్నాం. ఆ రిజిస్టరు బీరువాలో ఉంటుంది, ఎవ్వరికీ ఇవ్వం.

మీరూ లైవ్‌లు చూసి కొంటారు కాబట్టి రెండు మాటలు. ఎంతమంది చూస్తున్నారు అన్న సంఖ్యని చూసి నమ్మకండి, ఆ సంఖ్యలు కొనుక్కోవచ్చు. ఏదైనా ఇప్పటికిప్పుడు చేయమని అడగండి. పైట తిప్పి చూపించమనండి, మీ పేరు చదవమనండి. రికార్డు చేసిన వీడియో ఆ పని చేయలేదు. అది చేసినా మంచివాళ్లే అని కాదు, నిజంగా లైవ్‌లో ఉన్న మోసగాడు కూడా మీ పేరు తీయగా పిలవగలడు. అందుకని క్యూఆర్ కోడ్ స్కాన్ చేశాక వచ్చే పేరు చదవండి. మన సమాఖ్యకి అయితే సమాఖ్య పేరే వస్తుంది, మనిషి పేరు వస్తే ఆపేయండి. డబ్బు మీకు రావడానికి స్కాన్ చేయడం, పిన్ కొట్టడం ఎప్పుడూ అక్కర్లేదు. పిన్ కొడితే పోవడమే.

2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఆన్‌లైన్ అమ్మకాల కంపెనీలు ఫిర్యాదు వినే అధికారిని పెట్టాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. మనం చిన్నవాళ్లం, మనల్ని ఎవరు అడుగుతారు అనుకోకుండా మనమూ అదే గడువు పెట్టుకుందామని మా సూచన. ఫిర్యాదు ఫోను ఎవరి దగ్గర ఉండాలో ఈరోజే పేరు చెప్పండి.

చివరిగా ఆ 1,650 రూపాయలు. పాలకవర్గంలో రెండు మాటలు వచ్చాయి. దొంగ ఎవరో తీసుకున్నదానికి మన అక్కల పొదుపు నుంచి ఎందుకు ఇవ్వాలి, ఈరోజు ఒకరికి ఇస్తే రేపు వందమంది వస్తారు అన్నది ఒకటి. అది తీసిపారేయాల్సిన మాట కాదు. మన మొహం చూసి వేసింది, మన వీడియో కాపలా మనం కాసుకోలేదు, చీరైనా ఇవ్వాలి అన్నది రెండోది. మా ఐదుగురిలో ముగ్గురం రెండో వైపు ఉన్నాం, ఇద్దరు మొదటి వైపు. తేల్చాల్సింది ఈ సభ. నంబరు పదిహేడు చీర ఇంకా ఆఫీసు బీరువాలోనే ఉంది, ఎవ్వరికీ అమ్మలేదు.