చిటికెనవ్రేలి బరువు

'అచ్చంపేట' అను పేరును కంప్యూటరుపై వ్రాయుటకు తొమ్మిది మారులు మీటలు నొక్కవలెను. ఇది ఇన్‌స్క్రిప్టు అను అమరికను బట్టి వచ్చు లెక్క. భారతీయ లిపులన్నిటికి మీటల అమరిక ఒక్కటిగా ఉండవలెనని కేంద్ర ప్రభుత్వపు ఎలక్ట్రానిక్సు శాఖ 1986లో దీనిని నిర్ణయించినది. ఇందులో అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతికి వచ్చును. హల్లులు చాలవరకు కుడిచేతికి వచ్చును.

ఆ తొమ్మిదింటిలో నాలుగు కుడి చిటికెనవ్రేలి పాలబడినవి. మొదటి అకారము కొరకు అది కుడివైపు షిఫ్టు మీటను అదిమి పట్టవలెను. పిమ్మట రెండు చకారములు, కడపట టకారము దాని క్రిందివే. ఈ పట్టణము 2016 అక్టోబరులో మహబూబ్‌నగర్ జిల్లానుండి విడివడి నాగర్ కర్నూలు జిల్లాలో చేరినది. ఆ క్రొత్త జిల్లా పేరును వ్రాసి చూడుడు. చూపుడు వ్రేళ్లు, నడిమి వ్రేళ్లు పని అంతయు ముగించును. నడుమ ఖాళీకి బొటనవ్రేలు చాలును. అనగా, చిరునామా వ్రాయువాడు ఒక పంక్తిలో చిటికెనవ్రేలిని శ్రమపెట్టి, మరుపంక్తిలో దానికి సెలవిచ్చుచున్నాడు!

దస్తావేజులు, దరఖాస్తులు దినమంతయు టైపు చేసి బ్రతుకువారికి ఇది వేడుక లెక్క కాదు. చేతి వ్రేళ్లలో బలహీనమైనదానిపై బరువు పెరిగినకొలది వేగము తగ్గును, తప్పులు పెరుగును, సాయంకాలమునకు నొప్పి మిగులును.

పూర్వపు టైపు యంత్రములలో పెక్కింటికి మీటల బిగువును సవరించు చిన్న మర ఉండెడిది. కాని దానిని త్రిప్పినచో అన్ని మీటలును ఒక్కసారిగా వదులగును, లేదా బిగియును. నేటి చవుక కీబోర్డులలో మీటలన్నిటి క్రింద ఒకే రబ్బరు పొర పరచి ఉండును. అందు సవరించుటకు ఏమియు లేదు. మెకానికల్ కీబోర్డు అట్లు కాదు. ప్రతి మీటకు వేరుగా ఒక స్విచ్చి, దానిలో ఒక స్ప్రింగు ఉండును. కావున ఏ వ్రేలికి తగిన బరువును ఆ వ్రేలికి అమర్చుకొనవచ్చును.

చెర్రీ కంపెనీవారి నల్ల స్విచ్చిని నొక్కుటకు సుమారు 60 గ్రాముల బలము కావలెను. ఎర్రదానికి 45 చాలును. రెండింటను మీట 4 మిల్లీమీటర్లు దిగును గాని, 2 మిల్లీమీటర్లకే అక్షరము పడును. అడుగంట మోదుట అనవసరమని చాలమంది ఎరుగరు. స్ప్రింగులు 35 గ్రాములవి కూడ దొరకును. అన్ని మీటలకు అవి వేయుట నాకు సమ్మతము కాదు. ఊరక ఆనించిన వ్రేలికే అక్షరములు పడిపోవును. చకార, టకారముల మీటలకు, కుడి షిఫ్టునకు మాత్రము వేసిన చాలును. ఒత్తులకు పదే పదే కావలసిన పొల్లు మీటను గూర్చి చింత వలదు. 'స్త్రీ' అను ఒక్క అక్షరమునకు ఆరు నొక్కులలో రెండు దానివే అయినను, అది ఎడమ నడిమి వ్రేలి క్రింద ఉన్నది. ఆ వ్రేలు మోయగలదు.

కొన్ని కీబోర్డులలో స్విచ్చిని చిన్న పట్టకారుతో పైకి లాగి మార్చవచ్చును. కొన్నింటిలో టంకము కరిగింపవలెను. కొనునప్పుడే ఇది అడుగుట మేలు. స్విచ్చి విప్పినప్పుడు స్ప్రింగు కొనలకు, లోపల జారు అంచులకు గ్రీజు పలుచగా పూసినచో గరగర పోవును. ఎక్కువైనచో మీట బురదలో దిగినట్లుండును. షిఫ్టు వంటి పొడుగు మీటల క్రింద ఒక వంపు తీగ ఉండును. గలగలలాడునది అదే; దాని కొనలకును కొంచెము పూయవలెను.

అక్షరముల స్థానములనే మార్చుకొను ఉపాయము కూడ కలదు. షిఫ్టును బొటనవ్రేలి క్రిందికి తెచ్చుకొన్నవారు కలరు. తన బల్లవద్దనే పని చేయువారికి అది బాగుగనే ఉండును. ఉద్యోగపు పరీక్షకు సిద్ధపడు యువకులు మాత్రము దాని జోలికి పోరాదు. పరీక్షశాలలో ఎదుట ఉండునది వారి కీబోర్డు కాదు. స్ప్రింగు బరువు మారినచో వ్రేలు పది నిమిషములలో సర్దుకొనును. స్థానము మారినచో నెలల అభ్యాసము తారుమారగును.

తీసిన పాత స్ప్రింగులను ఒక అగ్గిపెట్టెలో దాచుకొనుడు. మీ కీబోర్డుపై మరియొకరు కూర్చుండినప్పుడు అవి కావలసి వచ్చును.