విశ్వవిద్యాలయంలో కొత్త ఉద్యోగి



తెల్లవారకముందే సూళ్ళూరుపేటలోనో, తిరుత్తణిలోనో, గుమ్మిడిపూండిలోనో చెన్నై లోకల్ రైలు ఎక్కేవాళ్ళను మీరు చూసే ఉంటారు. మీలో చాలామంది ఆ రైలు ఎక్కేవాళ్ళే. చేతిలో టిఫిన్ కేరియరు, భుజాన సంచి, కళ్ళలో ఇంకా తీరని నిద్ర. వాళ్ళలో కొందరు ఫ్యాక్టరీలకు పోతారు, కొందరు ఆసుపత్రులకు పోతారు. ఇంకొందరు విశ్వవిద్యాలయాలకు పోతారు. చదువుకోడానికి కాదు, ఉద్యోగం చెయ్యడానికి. జూనియర్ అసిస్టెంటుగా, టైపిస్టుగా, ప్రయోగశాలలో సహాయకులుగా, గెస్టు లెక్చరరుగా. ఈ పూట నేను చెప్పబోయేది వాళ్ళ గురించి. వాళ్ళ పక్క కుర్చీలో ఏళ్ళ తరబడి కూర్చున్న మీ గురించి కూడా.

విశ్వవిద్యాలయంలో విద్యార్థి కొత్తగా చేరితే స్వాగతసభ పెడతారు. పాత విద్యార్థులు పూలో, పెన్నులో ఇస్తారు. గ్రంథాలయం ఎక్కడ, ఆటస్థలం ఎక్కడ, ఎవరిని ఏమడగాలి అన్నీ చూపిస్తారు. అదే ఆవరణలో ఒక ఉద్యోగి కొత్తగా చేరితే హాజరు పట్టీలో ఒక పేరు పెరుగుతుంది. అంతే! ఒక బల్ల చూపిస్తారు. బల్ల మీద అప్పటికే ఫైళ్ళు ఉంటాయి. విద్యార్థి మూడేళ్ళుండి వెళ్ళిపోతాడు, ఈయన ముప్పై ఏళ్ళు ఉండవలసినవాడు. అయినా ఆవరణ అంతా విద్యార్థిదే అనుకుంటాం, ఉద్యోగికి కుర్చీ ఒక్కటే అనుకుంటాం.

మా పినతండ్రిగారి అబ్బాయి సంగతి చెబుతాను. తిరుత్తణి తాలూకాలో మాది చిన్న పల్లె. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలిసిందని మీకు తెలుసు. మా ఇళ్ళలో మాత్రం తెలుగు అలాగే ఉండిపోయింది. మావాడు తెలుగులో చదువుకున్నాడు. తమిళం మాట్లాడగలడు గానీ రాయడం రాదు. చెన్నైలో ఒక విశ్వవిద్యాలయంలో ఉద్యోగం వచ్చినప్పుడు ఊరంతా సంతోషించింది. మా పిన్ని వినాయకుడికి నూటొక్క కొబ్బరికాయ కొట్టింది. మూడు నెలలు తిరగకుండానే వాడు మా ఇంటికి వచ్చి, "అక్కా, రాజీనామా ఎలా రాయాలో చెప్పు" అన్నాడు.

పని కష్టమా అని అడిగాను. కాదన్నాడు. ఎవరైనా తిడుతున్నారా అంటే అదీ కాదన్నాడు. అడగ్గా అడగ్గా చెప్పాడు. పొద్దున పదింటి నుంచి సాయంత్రం దాకా ఎవరూ మాట్లాడరట. మధ్యాహ్నం అందరూ కలిసి డబ్బాలు తీసుకుని ఎటో వెళతారట. ఎటు వెళతారో వీడికి తెలియదు. వీడు తన బల్ల దగ్గరే గోడవైపు తిరిగి తింటాడు. మొదటి వారంలో ఏదో మాట తప్పుగా పలికితే పక్కవాళ్ళు నవ్వారట. నొప్పించాలని నవ్వలేదు, ఊరికే నవ్వారు. అప్పటి నుంచి వీడు నోరు విప్పలేదు. దానికి తోడు తమిళ పరీక్ష గట్టెక్కితేనే ఉద్యోగం నిలుస్తుందన్నారు. ఎవరిని అడిగి నేర్చుకోవాలి?

ఇంత చిన్న విషయానికి ఉద్యోగం వదులుకుంటారా అని మీరనుకోవచ్చు. నేనూ అప్పుడు కోప్పడ్డాను. తరవాత ఒక పెద్దాయన చరిత్ర గుర్తుకొచ్చి సిగ్గుపడ్డాను.

ఆయన షియాళి రామామృత రంగనాథన్. భారతదేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పితామహుడు అంటాం. ఏటా ఆగస్టు 12వ తేదీని గ్రంథపాలకుల దినంగా జరుపుకునేది ఆయన పేరు మీదే. ఆయన మొదట గ్రంథపాలకుడు కారు. సైదాపేట ట్రైనింగు కాలేజీలో ఉపాధ్యాయ శిక్షణ పొంది, మంగళూరులో, కోయంబత్తూరులో, ఆపైన ఇక్కడి ప్రెసిడెన్సీ కళాశాలలో లెక్కలు చెప్పిన మాస్టారు. ఒక ఉపాధ్యాయురాలిగా ఆ మాట చెప్పుకోవడం నాకు ఇష్టం, ఏమీ అనుకోకండి. 1924 జనవరిలో మద్రాసు విశ్వవిద్యాలయం ఆయనను తన మొదటి గ్రంథపాలకుడిగా నియమించింది. మంచి పదవి, మంచి జీతం. కానీ రోజంతా పిల్లల మధ్య గడిపిన మనిషిని తీసుకుపోయి నిశ్శబ్దంలో కూర్చోబెట్టారు. వచ్చేవారు లేరు, అడిగేవారు లేరు. ఆ ఒంటరితనం ఆయన భరించలేకపోయారు. కొద్ది వారాలకే, నా పాఠాలు నాకిప్పించండి మహాప్రభో అని పాత ఉద్యోగం తిరిగి అడిగారు!

అప్పటి పెద్దలు ఆయనను కసరలేదు, కాదనీ అనలేదు. ముందు లండను వెళ్ళి అక్కడి గ్రంథాలయాలు చూసి రండి, వచ్చాక కూడా మీకు ఇష్టం లేకపోతే లెక్కల ఉద్యోగం మీదే అన్నారు. ఆయన వెళ్ళారు. యూనివర్సిటీ కాలేజీలో చదువుకుంటూ, ఊరూరా గ్రంథాలయాలు తిరిగి చూశారు. అక్కడి గ్రంథాలయాలకు కూలివాడూ వస్తున్నాడు, ఇల్లాలూ వస్తోంది, చిన్నపిల్లలూ వస్తున్నారు. తన కుర్చీ ఎవరి కోసం ఉందో ఆయనకు అక్కడ తెలిసింది. 1925లో తిరిగి వచ్చాక పాత ఉద్యోగం ఊసే ఎత్తలేదు. సుమారు ఇరవయ్యేళ్ళు ఆ గ్రంథాలయాన్ని పెంచారు. 1928లో మద్రాసు గ్రంథాలయ సంఘం ఏర్పడటానికి మూలపురుషుడయ్యారు. గ్రంథాలయ శాస్త్రానికి పంచ సూత్రాలని పేరుపడ్డ పుస్తకం 1931లో, కోలన్ వర్గీకరణ 1933లో వెలువడ్డాయి. పుస్తకాలు ఉపయోగం కోసం అన్నది ఆ అయిదు సూత్రాల్లో మొదటిది. ఎవరూ రాని గదిలో విసిగిపోయిన మనిషి ఆ మాట మొదట పెట్టాడంటే నాకు ఆశ్చర్యం వెయ్యదు.

అంతటి రంగనాథన్‌గారికే కొత్త కుర్చీ ముళ్ళకుర్చీ అయినప్పుడు, పలమనేరు నుంచో నగరి నుంచో వచ్చిన ఇరవైమూడేళ్ళ అమ్మాయి సంగతి ఏమిటి?

ఈ చెన్నైలో విశ్వవిద్యాలయం అంటే ఒక్క ఆవరణ కూడా కాదు. 1857లో పుట్టిన మద్రాసు విశ్వవిద్యాలయాన్నే తీసుకోండి. చెప్పాక్కంలో సముద్రానికి ఎదురుగా, రాబర్ట్ చిషోం కట్టిన సెనేట్ హౌస్ దగ్గర ఒక ప్రాంగణం, మెరీనాలో ఒకటి, గిండీలో, తరమణిలో, చేట్‌పట్టులో, మదురవాయల్‌లో ఇంకా ఉన్నాయి. తరమణిలో పనిచేసేవారికి చెప్పాక్కంలో ఏం జరుగుతోందో ఎవరైనా చెబితేనే తెలుస్తుంది. 1959లో వచ్చిన ఐ.ఐ.టి. అయితే అడవిలాంటి ఆవరణ. జింకలు తిరుగుతుంటాయి, లోపల బస్సు నడుస్తుంది. కొత్తవారికి గేటు నుంచి ఆఫీసుకు దారి తెలిస్తే చాలు, అదే మహాభాగ్యం అనుకుంటారు. ఇన్ని చెట్లు, ఇన్ని మైదానాలు, ఇన్ని పుస్తకాలు ఉన్న చోట పనిచేస్తూ వాటిలో ఒక్కటీ తనది కాదనుకుని రిటైరైనవాళ్ళు నాకు తెలుసు.

మరి మావాడు ఏమయ్యాడు అంటారా? రాజీనామా కాగితం జేబులోనే ఉంది. ఒకరోజు పక్క సెక్షన్‌లోని అటెండరు, పెద్దాయన, బల్ల దగ్గరకొచ్చి, "తంబీ, నీకు వాలీబాల్ వచ్చా?" అని అడిగాడట. ఉద్యోగుల పోటీలో వాళ్ళ జట్టుకు ఒక మనిషి తక్కువయ్యాడు. మా తాలూకా పల్లెల్లో సాయంత్రమైతే వాలీబాల్ నెట్టు కట్టని వీధి ఉండేది కాదు. వీడు ఆడాడు. ఆ రోజు జట్టు ఓడిపోయింది, అది వేరే సంగతి. బంతి కొట్టడానికి తమిళ వ్యాకరణం అక్కరలేదు కదా! ఆట తరవాత అందరూ కలిసి టీ తాగారు. మర్నాడు మధ్యాహ్నం, "తంబీ, సాప్టియా?" అంటూ తలుపు దగ్గర నిలబడి పిలిచారు. అందరూ డబ్బాలు పట్టుకుని వెళ్ళేది వెనకాల వేపచెట్టు కిందికి. మూడు నెలలు కిటికీలోంచి వాడికి కనిపించిన చెట్టే అది.

ఇక్కడ ఒక్క మాట గమనించండి. ఆ పెద్దాయన వీడి మీద జాలిపడి పిలవలేదు. వాళ్ళకు ఒక మనిషి కావలసివచ్చాడు. జాలిపడి పిలిస్తే ఒక పూట వెళతాం, రెండో పూట మొహమాటపడతాం. అవసరం కొద్దీ పిలిస్తే మర్నాడు మనమే వెళతాం. బడిలో మేము చేసేదీ ఇదే. కొత్తగా చేరిన పిల్లవాణ్ణి అందరి ముందు నిలబెట్టి పేరు చెప్పించి, చప్పట్లు కొట్టిస్తే వాడు ఇంకా ముడుచుకుపోతాడు. సుద్దముక్కలు తెచ్చే పని వాడికి అప్పగించి చూడండి. వారంలో వాడిది ఆ తరగతి అవుతుంది. బి.ఎడ్.లో మాకు మనస్తత్వ శాస్త్రం చాలా చెప్పారు గానీ, ఈ సుద్దముక్క విద్య మా పాత హెడ్‌మిస్ట్రెస్ దగ్గర నేర్చుకున్నాను.

కాబట్టి మీ సెక్షన్‌కు ఎవరైనా కొత్తవారు వస్తే, మొదట వారికి ఏం వచ్చో అడగండి. ఈ చెన్నైలోనే, 1912లో పోర్టు ట్రస్టు ఆఫీసులో నెలకు 30 రూపాయల గుమాస్తాగా చేరాడు శ్రీనివాస రామానుజన్. అక్కడ పై అధికారి నారాయణయ్యర్ గారికి గణితం తెలుసు. ఆ గుమాస్తాకు ఏం వచ్చో ఆయన తెలుసుకున్నాడు. సాయంత్రాలు ఇద్దరూ పలకలు పట్టుకుని లెక్కలు చేసుకునేవారు. మరుసటి ఏడాదే మద్రాసు విశ్వవిద్యాలయం నెలకు 75 రూపాయల పరిశోధక వేతనం ఇచ్చింది. మీ పక్కన కూర్చున్న ప్రతివారూ రామానుజన్ కాకపోవచ్చు. ముగ్గులు బాగా వేసేవారు కావచ్చు, మృదంగం వాయించేవారు కావచ్చు, మైకు సెట్టు బాగు చేసేవారు కావచ్చు. అడగకుండా ఎలా తెలుస్తుంది?

విశ్వవిద్యాలయాల్లో ఇందుకు సందర్భాలకు కొదవ లేదు. స్నాతకోత్సవం ఉంది. ఆ రోజుల్లో అన్ని సెక్షన్లూ కలిసి పనిచేస్తాయి. కొత్తవారిని ఫైళ్ళ కాపలాకు ఆఫీసులో వదిలేసి మిగతావారంతా హాలుకు పోవడం మామూలే. అలా చెయ్యకండి. పట్టాలు వరసలో సర్దే పనో, తల్లిదండ్రులకు కుర్చీలు చూపించే పనో వారికివ్వండి. మారుమూల ఊరి నుంచి వచ్చిన ఒక తల్లి, కొడుకు పట్టా తీసుకుంటుంటే కళ్ళు తుడుచుకోవడం వాళ్ళు ఒకసారి చూడాలి. తాము టైపు చేసే పేర్లు ఎవరివో అప్పుడు తెలుస్తుంది. ఆయుధపూజ ఉంది. ముందురోజు ఆఫీసు దులిపి, బీరువాలకు గంధం, కుంకుమ పెట్టి, బొరుగులు, గుగ్గిళ్ళు పంచుతారు. పొంగలి ఉంది. అందరి మతాలూ ఒకటి కావు కనుక పిలవండి, బలవంతపెట్టకండి.

ఇంకో సంగతి. అయిదున్నర తరవాత పెట్టే ఏ కార్యక్రమమూ దూరం నుంచి వచ్చేవారిది కాదు. తిరుత్తణి రైలు తప్పితే ఆడపిల్ల ఇల్లు చేరేసరికి ఎంత రాత్రవుతుందో మీకు నేను చెప్పాలా? "ఆవిడ కలవదండీ" అని ఒక మాట అనేస్తారు. ఆవిడ కలవకపోవడం కాదు, ఆవిడ రైలు ఆగదు. మీ పాటల సాధన, మీ క్యారమ్స్ పోటీ మధ్యాహ్నం భోజనాల వేళకు మార్చి చూడండి.

కొత్తగా చేరిన మీకు కూడా ఒక మాట. తమిళం తప్పు వస్తుందని నోరు కట్టుకోకండి. మీ మాటకు ఎవరైనా నవ్వితే మీరూ నవ్వి, సరైన మాట ఏమిటో వారినే అడగండి. నవ్వినవారే గురువులవుతారు. మావాడికి తమిళ అక్షరాలు దిద్దించింది, మొదటి వారం గట్టిగా నవ్విన టైపిస్టు అమ్మగారే. వేపచెట్టు కింద, తిన్న డబ్బా మూతపెట్టి, రోజుకు పావుగంట చెప్పేదట. పరీక్ష రెండోసారికి గట్టెక్కాడు.

పోయిన ఆయుధపూజకు మావాడు రాత్రి ఆఖరి లోకల్‌కు వచ్చాడు. ఎందుకింత ఆలస్యమని మా పిన్ని కేకలేసింది. బొరుగులు పంచే బాధ్యత వాడిదట. ఆ వారమే సెక్షన్‌లో కొత్తగా చేరిన హోసూరు కుర్రాడొకడు పొట్లం అందుకోకుండా బల్ల దగ్గరే కూర్చుండిపోయాడట. వాణ్ణి లేపి, బొరుగుల బుట్ట వాడి చేతికే ఇచ్చి, అన్ని అంతస్తులూ వెంట తిప్పేసరికి పొద్దు పోయిందని చెప్పాడు.