ఇంట్లో ఆరుతున్నదేమిటి?

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటేటా ఈ సభలో చదువు గురించి నాలుగు మాటలు చెప్పే పని మాకు అప్పగిస్తారు. స్కాలర్‌షిప్పుల సంగతి, పదో తరగతి ఫలితాల సంగతి చెప్పి కూర్చుంటాము. ఈసారి కార్యదర్శిగారి అనుమతి తీసుకుని వేరొక సంగతి ఎత్తుకుంటున్నాము. ఇది సభలో చెప్పే మాటేనా అని కొందరికి తోచవచ్చును. సభలో ఎవరూ చెప్పకపోబట్టే అది ఇళ్లలోకి వచ్చి కూర్చుంది గనుక చెప్పక తప్పదు. అది గంజాయి సంగతి.

ఎండబెట్టటం, ఆరబెట్టటం మన ఆడవాళ్లకు కొత్త విద్య కాదు. వేసవి వచ్చిందంటే డాబామీద మిరపకాయలు, వడియాలు, మామిడి ఒరుగులు ఉంటాయి. సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఎండుచేపలు ఉంటాయి. గోరింటాకును, పుదీనాను నీడపట్టున ఆరబెట్టి పొడి చేసుకుంటాము. ఎండలో పెట్టవలసినదేది, నీడలో పెట్టవలసినదేది అన్నది మన నానీలకు ఏ బడిలోనూ నేర్పలేదు. అంత అలవాటైన పని కాబట్టే, ఇంట్లో ఏదో ఒక ఆకు ఆరుతూంటే అదేమిటని మనం అడగము.

ఆమధ్య చలికాలంలో ఒక తల్లి మా ఇంటికి వచ్చింది. ఊరు, ఇంటిపేరు దయచేసి అడగవద్దు. "మాస్టారూ, మా వోడు అటకమీద అట్టపెట్టెలో ఏటో ఆకు ఏలాడగట్టినాడు. గోరింటాకా అంటే నవ్వుతాడు. రాత్రంతా సిన్న ఫేను తిరుగుతాది. ఎలక సచ్చినట్టు కంపు. అటకంతా ఎతికినాను" అన్నది.

వెళ్లి చూశాము. ఫ్రిజ్జు వచ్చిన అట్టపెట్టె, బట్టలు ఆరేసుకునే దారం, పాత కంప్యూటరులోంచి ఊడదీసిన ఫ్యాను, వెలుతురు పడకుండా కప్పిన దుప్పటి. డాబామీద చామంతి కుండీల వెనుక రెండు మొక్కలు పెంచి, కోసి, ఇక్కడ వేలాడదీశాడు. కాలేజీ కుర్రవాడు. చిన్నప్పుడు మా ముందు కూర్చుని అలిఫ్, బే దిద్దినవాడే.

కూర్చోబెట్టి అడిగాము. భయపడలేదు సరికదా, వాదించాడు. "ఇది బజారు సరుకు కాదు, నేను పెంచి నేను ఆరబెట్టుకున్నది, కల్తీ లేదు" అన్నాడు. "పెద్ద పెద్ద దేశాలే ఒప్పుకున్నాయి" అన్నాడు. "నేను అమ్మటం లేదు, ఎవరికీ నష్టం లేదు" అన్నాడు. ఇరవై ఏళ్లకు పైగా పాఠం చెప్పిన మేము ఆనాడు సరైన జవాబు ఇవ్వలేకపోయాము. తరువాత ఒక డాక్టరుగారిని, ఒక ప్లీడరుగారిని అడిగి, మేమూ చదివి తెలుసుకున్నది మీ ముందు పెడుతున్నాము. రేపు మీ పిల్లవాడు అడిగితే మీరైనా చెప్పగలగాలి.

మొదటిది కల్తీ మాట. మత్తు కలిగించే టీహెచ్‌సీ అనే పదార్థం ఆ మొక్కలోనే తయారవుతుంది. బజారులో కొన్నా, పెరట్లో పెంచినా అది అదే. పైగా మనది సముద్రపు గాలి, తేమ ఎక్కువ. మూసిన పెట్టెలో ఆరీ ఆరని పువ్వుకు బూజు పట్టటం తేలిక. పచ్చడికి బూజు పడితే కంటికి కనబడుతుంది, పారబోస్తాము. పువ్వు లోపల పట్టిన బూజు కనబడదు. ఆస్పర్‌జిల్లస్ వంటి బూజులు పొగతోపాటు లోపలికి పోతే, రోగనిరోధక శక్తి తగ్గినవారికి, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారికి ప్రమాదమని డాక్టరుగారు చెప్పారు.

అంతకన్న ముఖ్యమైనది మెదడు. మనిషి మెదడు సుమారు పాతికేళ్ల వయసు వరకు ఎదుగుతూనే ఉంటుంది. ఆ వయసులో తరచుగా గంజాయి తాగితే జ్ఞాపకశక్తి, ఏకాగ్రత దెబ్బతింటాయి. కొందరికి లేని మాటలు వినబడటం, అందరిమీదా అనుమానం పుట్టటం వంటి మానసిక జబ్బు వస్తుంది. చిన్న వయసులో మొదలుపెట్టినవారికి, రోజూ తాగేవారికి, వంశంలో అటువంటి జబ్బు ఉన్నవారికి ఆ ముప్పు ఎక్కువ. తాగిన ప్రతివాడూ పిచ్చివాడవుతాడని మాత్రం పిల్లలకు చెప్పకండి. అది నిజం కాదని వాళ్లు చూసే ఉంటారు. ఒక్క అబద్ధం దొరికితే మన మిగతా మాటలు కూడా వినరు.

రెండోది దేశాల మాట. కెనడాలో 2018 అక్టోబరులో చట్టం ఒప్పుకున్నది నిజమే. ఆ దేశపు చట్టం కూడా పెద్దవాళ్లకే, ఇంటికి నాలుగు మొక్కలకు మించకుండా అనుమతి ఇచ్చింది. థాయిలాండు 2022 జూనులో నిషేధం ఎత్తివేసి, మూడేళ్లు తిరిగేసరికి, 2025 జూనులో, డాక్టరు చీటీ ఉంటేనే గంజాయి పువ్వు అమ్మాలని మళ్లీ కట్టడి చేసింది. అక్కడ ఏమున్నా మనం ఉన్నది ఎచ్చెర్లలో. ఇక్కడ నడిచేది 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం.

ఆ చట్టంలో గంజాయి అంటే మొక్క పూతకొసలు. కేజీలోపు దొరికితే ఏడాది వరకు జైలు గాని, పదివేల వరకు జరిమానా గాని, రెండూ గాని వేయవచ్చును. ఇరవై కేజీలు దాటితే పదేళ్లకు తక్కువ కాకుండా ఇరవై ఏళ్ల వరకు కఠిన శిక్ష, కనీసం లక్ష రూపాయల జరిమానా, బెయిలు దొరకటం బహు కష్టం. ఈ లెక్క విన్న కుర్రవాళ్లు "కేజీలోపే కదా" అని ధైర్యంగా ఉంటారు. కాని మొక్కను పెంచటం వేరే నేరం. దానికి పదేళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష వరకు జరిమానా ఉన్నాయి. తన ఇంట్లో ఇటువంటి నేరం జరగనిస్తే, తెలిసి జరగనిచ్చినవారికి కూడా అదే శిక్ష. గోరింటాకు అనుకున్న తల్లికి తెలియదు. తెలిసిన తరువాత ఊరకున్న తల్లి సంగతేమిటి? ఈ మాట ప్లీడరుగారు చెప్పినప్పుడు మా చేతులు చల్లబడ్డాయి.

మూడోది, ఎవరికీ నష్టం లేదన్న మాట. మన ఊరి పక్కనుంచే పదహారో నంబరు జాతీయ రహదారి పోతుంది. విశాఖ ఏజెన్సీలో 2021లో పోలీసులు ఆపరేషన్ పరివర్తన పేరుతో వేలాది ఎకరాల గంజాయి తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర రెండు లక్షల కేజీలకు పైగా తగలబెట్టారు. ఆ వ్యాపారంలో సంచీ మోసి పట్టుబడేది పేదింటి పిల్లలు. మొదట తనకోసం, తరువాత స్నేహితుడికి కాస్త, ఆ తరువాత ఎవరో ఇచ్చిన సంచీ. ప్రతివాడూ అంతదూరం పోడు. కాని పోయినవాడు మొదట బయలుదేరింది ఇంటి దగ్గరనుంచే.

ఇప్పుడు మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఆ రాత్రి తండ్రి కర్ర తీశాడు. తల్లి "కూతురి నిఖా ఉంది, పేరు పోతుంది" అని ఏడ్చింది. మేము కూడా "ఎవరికీ చెప్పకండి, నెమ్మదిగా చూద్దాం" అని వచ్చేశాము. ఆ నెమ్మదిలో పది రోజులు పోయాయి. పెట్టె తీసేశారు గాని, పిల్లవాడికి నిద్ర పోయింది, తిండి పోయింది, గోడవైపు తిరిగి కూర్చున్నాడు. మత్తు మానినప్పుడు అలా ఉంటుందని, అప్పుడే డాక్టరు అవసరమని మాకు తెలియదు. మేము కాపాడింది ఇంటి ఇజ్జత్, కాపాడవలసింది పిల్లవాణ్ణి.

తరువాత పట్నంలో డాక్టరుకు చూపించారు. ఒక సెమిస్టరు పోయింది. మళ్లీ రాస్తున్నాడు. పూర్తిగా బయటపడ్డాడని మేము చెప్పము. నెలనెలా ఆసుపత్రికి వెళ్తున్నాడు, రాత్రి అన్నం తండ్రి పక్కన కూర్చుని తింటున్నాడు. ఇప్పటికి అంతే.

మన దీనులో నషా నిషిద్ధమని చెప్పటానికి మౌల్వీ సాహెబులు ఉన్నారు. మేము బడి పంతులుగా మూడు మనవులు చేసుకుంటున్నాము.

ఒకటి. ఇంట్లో ఏది ఆరుతున్నా, డాబామీద ఏ మొక్క పెరుగుతున్నా, పేరు అడగండి. దొంగను అడిగినట్టు కాదు, ఇంటివాణ్ణి అడిగినట్టు.

రెండు. కనబడితే కొట్టకండి, దాచకండి. వెంటనే డాక్టరు దగ్గరకు, ప్లీడరు దగ్గరకు వెళ్లండి. మత్తు మాన్పించే సలహాకు 14446 నంబరు ఉంది, డబ్బు పడదు. మన రాష్ట్రంలో 2024 చివర ఏర్పడిన ఈగల్ విభాగానికి 1972 నంబరు ఉంది. అలవాటు పడినవాడు తనంత తాను ప్రభుత్వం గుర్తించిన ఆసుపత్రిలో చేరి చికిత్స పూర్తి చేస్తే, తక్కువ మోతాదు కేసులో విచారణ నుంచి మినహాయింపు ఇచ్చే సెక్షను, 64ఎ, ఆ చట్టంలోనే ఉంది. మొక్క పెంచినదానికి అది రక్షణ అనుకోవద్దు. ఆ సంగతి ప్లీడరునే అడగండి.

మూడు. మన సంఘం స్కాలర్‌షిప్పు ఇచ్చేటప్పుడు మార్కులు మాత్రమే అడుగుతుంది. ఈ ఏడు నుంచి నలుగురు పెద్దలు, ఇద్దరు ఆపాలు కూర్చుని ప్రతి పిల్లవాడితోనూ, పిల్లతోనూ పావుగంట మాట్లాడాలి. చెప్పుకున్న మాట బయటికి పోదని వాళ్లకు నమ్మకం కలిగించాలి. కమిటీవారు ఒప్పుకుంటే ఆ పనికి మా ఆదివారాలు ఇస్తాము.

ఆ తల్లి ఈ సభలో ఉన్నదో లేదో మేము చూడలేదు, మీరూ వెతకవద్దు. మన ఇంటికి వెళ్లి మన అటక మనం చూసుకుంటే చాలును.